ఒక్క గీత కూడా తగ్గని బ్యాటరీ

మీటింగు అన్న మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. మద్రాసు ఉత్తరపు పక్కన ఉన్న మనలిలో బ్యాటరీలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. ఇన్నేళ్ళలో మీటింగు పెట్టినందువల్ల ఒక్క బ్యాటరీ అయినా త్వరగా తయారైందా అంటే, నేనైతే చూడలేదు. అందుకే మా యజమాని, మేమంతా మొదలాళి అని పిలిచే పెద్దమనిషి, ఇనిస్టిట్యూటు వాళ్ళతో మీటింగుకి నువ్వూ రావాలని పిలిచినప్పుడు, కడుపునొప్పి అని చెప్పి తప్పించుకుందామా అనుకున్నాను.

"నువ్వు లేకుంటే ఎట్టరా? వాళ్ళు అడిగేది బ్యాటరీ సంగతి. నాకు అమ్మేది తెలుసు గానీ, దాని లోపల ఏముండాదో నాకేం తెలుసు?" అన్నాడాయన. ఆయనా మా వాళ్ళే. మూడు తరాల నుంచి మద్రాసులోనే ఉన్న తెలుగు కుటుంబం. తమిళంలో తిట్టి తెలుగులో బతిమాలడం ఆయన పద్ధతి.

సరేనని పోయాను. ఇనిస్టిట్యూటు ఊరికి ఆ చివర ఉంది. మా తిరువొత్తియూరు నుంచి అక్కడికి చేరేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. గదిలో ఏసీ చలి. ఒక ప్రొఫెసరు, ఒక ఆసుపత్రి నుంచి వచ్చిన ఊపిరితిత్తుల డాక్టరు, పరిశోధన చేస్తున్న ఒక గుంటూరు అమ్మాయి. ప్రొఫెసరు గోడ మీద బొమ్మలు వేసి ఇంగ్లీషులో గంటసేపు మాట్లాడాడు. పరిశ్రమ, పరిశోధన, భాగస్వామ్యం అని ఆ మూడు మాటలే తిప్పి తిప్పి చెప్తుంటే నాకు కునుకు పట్టింది. అప్పుడు డాక్టరు లేచి రెండే మాటలు చెప్పాడు. ఇళ్ళలో ఆక్సిజన్ మిషన్ పెట్టుకుని బతికేవాళ్ళు ఉన్నారు, కరెంటు పోతే ఆ మిషన్ ఆగిపోతుంది అని. నా నిద్ర ఎగిరిపోయింది. మా అక్క ఆ మిషన్ మీదే ఉంది.

అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. బావ పోయాక ఇరవై అయిదేళ్ళు ఇడ్లీ కొట్టు నడిపింది. కంటైనర్ లారీలు పోయే రోడ్డు పక్కన కొట్టు, రంపపుపొట్టు పొయ్యి. ముందు లారీల పొగ, వెనక పొయ్యి పొగ. ఊపిరితిత్తులు పాడైపోయాయని డాక్టర్లు చెప్పేనాటికి మెట్లు ఎక్కడమే కష్టమైపోయింది. రోజుకి పదిహేను గంటలు ఆక్సిజన్ పెట్టుకోవాలన్నారు. కూతురు వాషర్‌మెన్‌పేట్‌లో కాపురం ఉంటుంది, అక్కడికి రమ్మంటే వెళ్ళదు. మా పక్క వీధిలో, మొదటి అంతస్తులో ఒక్కతే ఉంటుంది. ముక్కులో గొట్టం, గదిలో చక్రాలున్న మిషన్, అది పగలంతా గుర్రుగుర్రుమంటూ ఉంటుంది. కరెంటు పోతే కీచుమని ఒక కూత కూసి ఊరుకుంటుంది. ఇక కరెంటు వచ్చేదాకా సిలిండరే గతి. దాని మర తిప్పడానికే ఆమెకు ఆయాసం వస్తుంది.

ఆ కరెంటు లేని సమయానికి ఒక బ్యాటరీ పెట్టె చేద్దామన్నది వాళ్ళ ఆలోచన. మిద్దె మీద ఒక చిన్న సోలార్ పలక. దానితోనూ గోడ కరెంటుతోనూ నిండుతుంది. పెట్టెకు మెదడులాంటి బోర్డు ఇనిస్టిట్యూటుది, లోపలి బ్యాటరీ మాది, ఎవరికి ఇవ్వాలో తేల్చేది ఆసుపత్రి. ముందు మా ఉత్తరపు పక్కనే పన్నెండు ఇళ్ళలో పెట్టి ఆరు నెలలు చూస్తారు. బాగుంటే ఆ ఇళ్ళలోనే వదిలేసి, తర్వాత వందలకొద్దీ తయారు చేయిస్తారు. లేకపోతే వెనక్కి తీసేసుకుంటారు.

ఆ రోజు నేను ఇంటికి పోలేదు, నేరుగా అక్క దగ్గరికి పోయాను.

"నీకొకటి తెస్తాండా" అన్నాను.

"చీరా?" అంది.

"చీర లేదు ఏమీ లేదు. ఊపిరి."

"ఏందిరా, సినిమా డైలాగు చెప్తాండావు" అని నవ్వింది, నవ్వితే దగ్గొచ్చింది.

ఆ పన్నెండు పెట్టెల బ్యాటరీలూ నేనే దగ్గరుండి చేయించాను. ఇన్నాళ్ళూ మావి సీసంతో చేసే పాత రకం బ్యాటరీలు, లారీలకీ ఇన్వర్టర్లకీ వేసేవి. ఇది కొత్తగా మొదలుపెట్టిన లిథియం రకం. బోర్డు ఒకసారి వచ్చి సరిపోలేదని పోయింది, మళ్ళీ వచ్చింది. ఇత్తడి స్క్రూ కావాలా ఉక్కు స్క్రూ కావాలా అని ఈమెయిళ్ళలో పది రోజులు కొట్టుకున్నారు. పెట్టె రంగు బూడిదా తెలుపా అని ఒక మీటింగు. మా అక్క రంగు చూసి ఊపిరి పీలుస్తుందా అని నేను అరిస్తే మొదలాళి నా కాలు తొక్కాడు. మొత్తానికి మే నెల కత్తిరి ఎండలు ముగిసేలోపు పన్నెండూ ఇళ్ళకి చేరాయి. ఏడో నంబరు పెట్టె అక్కది. ఆ నంబరు నేనే అంటించాను.

పెట్టె బిగించిన రోజు ఆ గుంటూరు అమ్మాయి కూడా వచ్చింది. మెట్లెక్కి వచ్చి, చెమట తుడుచుకుని, అక్క పక్కన నేల మీదే కూర్చుని ఓపిగ్గా చెప్పింది.

"అమ్మా, దీన్ని ఎప్పుడూ గోడ ప్లగ్గుకి పెట్టే ఉంచాలండీ. మీ మిషన్ తీగ దీనికి పెట్టాలి. కరెంటు పోయిన సంగతి అదే కనిపెట్టి అదే ఇస్తుంది. మీరేం ముట్టుకోనక్కర్లేదు. ఆఫ్ మాత్రం చెయ్యకండి, ఆన్‌లో ఉంటేనే మాకు లెక్క అందుతుంది."

ఒక కాగితం కూడా ఇచ్చింది, తెలుగులోనూ తమిళంలోనూ రాసింది. పెట్టె ముందుపక్క నాలుగు పచ్చ గీతలు వెలుగుతాయి, నాలుగూ వెలిగితే నిండుగా ఉన్నట్టు. అక్క కళ్ళద్దాలు పెట్టుకుని ఆ గీతలు చూసి, పిల్ల బుగ్గ గిల్లి, కాఫీ ఇచ్చి పంపింది.

ఇక్కడే నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. చెప్పడానికి నోరు రావడం లేదు, అయినా చెప్తాను. ఆ అమ్మాయి మెట్లు దిగిపోగానే నేను పెద్దమనిషిలా గొంతు సవరించుకున్నాను.

"ఆ పాప చదువుకున్నది, చెప్పినాది, సరే. కానీ బ్యాటరీని అట్ట సుమ్మా, ఊరికే తగిలించి ఉంచితే చెడిపోతాదక్కా. బ్యాటరీకి ఆయుస్సు లెక్కుంటాది. ఎన్నిసార్లు దిగితే అంత తగ్గిపోతాది. నిండినాక ఆపేసి పక్కన పెట్టు. అవసరం వచ్చినప్పుడు తీసి వాడుకో."

ఇది నేను ఇరవై ఏళ్ళు సీసం బ్యాటరీల మధ్య నేర్చుకున్న మాట. మా షెడ్డులో కొత్తగా చేరినవాడికి మొదటి రోజు చెప్పే మాట కూడా ఇదే. కొత్త రకం అలా కాదని, ఊరికే కాచుకుని ఉన్నందువల్ల దానికేమీ కాదని, మాకు రెండు రోజులు క్లాసు పెట్టి మరీ చెప్పారు. రెండో రోజు మధ్యాహ్నం నేను నిద్రపోయాను. నాకు తెలియని బ్యాటరీ ఏముందిలే అని. అహంకారం ఇంకెలా ఉంటుంది? కొమ్ములుండవు కదా!

"అట్టనా? మంచిమాట చెప్తివి. లేకుంటే ఊరికే పాడు చేసుందును" అంది అక్క. అప్పుడే లేచి ప్లగ్గు పీకేసింది.

మా ఇళ్ళలో కొత్త వస్తువు వస్తే దాన్ని వాడుకోవడం కంటే కాపాడటం ముఖ్యం. టీవీ రిమోటుకి ప్లాస్టిక్ కవరు ఊడదు. మంచి గ్లాసులు చుట్టాలకని అటక మీదే ఉంటాయి, చుట్టాలొస్తే పాత గ్లాసుల్లోనే ఇస్తాం. అక్క కూడా ఆ పెట్టెకి ఒక ప్లాస్టిక్ కవరు కుట్టింది. దాని మీద పాత వాయిల్ చీర ముక్క కప్పింది. శుక్రవారం శుక్రవారం కవరు తీసి, తడిగుడ్డతో తుడిచి, పసుపూ కుంకుమా పెట్టి, ఆన్ చేసి నాలుగు గీతలూ ఉన్నాయో లేదో చూసుకుని, మళ్ళీ ఆపేసేది. నేను చూసి మెచ్చుకున్నాను కూడా. వస్తువుని చూసుకోవడం మా అక్క దగ్గర నేర్చుకోవాలి అన్నాను.

అంతటితో ఆగలేదు. పెట్టెలు వచ్చిన పన్నెండు ఇళ్ళవాళ్ళూ ఒకే ఆసుపత్రిలో, ఒకే వరుసలో కూర్చునేవాళ్ళు. సగం మంది అక్క చేతి ఇడ్లీ తిన్నవాళ్ళే. అక్క అందరికీ ఫోను చేసి చెప్పింది. నా తమ్ముడు బ్యాటరీ ఫ్యాక్టరీలోనే ఉండాడు, వాడే చెప్పినాడు, ఊరికే తగిలించి పెట్టబాకండి, పాడైపోతాది, వారానికొకసారి గీతలు చూసుకుని ఆపేస్తే చాలు అని. అక్క మాటంటే ఆ వీధుల్లో గవర్నమెంటు ఆర్డరు. ఇదంతా నాకు అప్పట్లో తెలియదు.

మరి ఆరు నెలలూ ఎవరూ వచ్చి చూడలేదా అంటే, అదే కదా నా ఏడుపు! ఇళ్ళకి పోయి చూడటం ఆసుపత్రి నర్సు పని అని ఇనిస్టిట్యూటు అనుకుంది. లెక్కలు రోజూ ఇనిస్టిట్యూటుకే పోతున్నాయి కదా, వాళ్ళే చూస్తారని ఆసుపత్రి అనుకుంది. ఫిర్యాదు రాలేదంటే అంతా బాగున్నట్టేనని మా మొదలాళి అనుకున్నాడు. ఆ గుంటూరు అమ్మాయి రెండుసార్లు వస్తానని నాకు ఫోను చేసింది. రెండుసార్లూ ప్రొఫెసరు ఇంకేదో సదస్సుకి బొమ్మలు గీయమని కూర్చోబెట్టాడట. తిలాపాపం తలా పిడికెడు అంటారు చూడండి, అలా పంచుకున్నారు. నా పిడికిలి అందరికంటే పెద్దది.

వానలు పట్టాక ఒకరోజు మధ్యాహ్నం మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పెద్ద చప్పుడుతో పేలింది. మూడు గంటలకు పైగా కరెంటు లేదు. నేను ఫ్యాక్టరీలో ఉన్నాను. పక్కింటి వాళ్ళు ఫోను చేసి చెబితే అక్కకి చేశాను.

"పెట్టె పెట్టుకున్నావా?"

"ఆమా, పెట్టుకున్నాలే. నువ్వు పని చూసుకో."

గొంతు ఎగపోస్తున్నట్టు అనిపించింది, కానీ ఆమె గొంతు ఎప్పుడూ అంతే కదా అనుకున్నాను. సాయంత్రం పోయి చూస్తే మంచానికి ఆనుకుని కూర్చుని ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. మర్నాడు ఆసుపత్రికి తీసుకుపోతే నాలుగు రోజులు ఉంచుకున్నారు. వానకి నెమ్ము చేసిందన్నారు, నేనూ నమ్మాను. ఆ నాలుగు రోజులూ నర్సులకీ పక్క మంచాల వాళ్ళకీ మా బ్యాటరీ పెట్టె గురించి గొప్పలు చెప్పాను. అది లేకుంటే ఆ మధ్యాహ్నమే మా అక్క దక్కేది కాదు అని.

ఆ తర్వాత మూడు వారాలకి సమీక్ష మీటింగు వచ్చింది. నాకు జీవితంలో మొదటిసారి మీటింగుకి పోవాలని ఉబలాటంగా ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాను.

ప్రొఫెసరు తెర మీద పన్నెండు గీతలు వేశాడు, ఇంటికొకటి. పన్నెండూ నేల మీద పడుకున్న పాముల్లా ఉన్నాయి. కదలిక లేదు. వాడకం సున్నా. సోలార్ పలకలు ఎండలో ఎండాయి, వానలో తడిశాయి, వాటి కరెంటు తీసుకునే దిక్కు లేదు. ఉత్తరపు పక్క ఇళ్ళకి ఈ పెట్టె అవసరం లేదని లెక్క చెబుతోందని, అందుకే పెట్టెలన్నీ వెనక్కి తీసుకుని వేరే జిల్లాకి పంపుతున్నామని చెప్పాడాయన. ఎంత మర్యాదగా చెప్పాడంటే, మా మొదలాళి తల కూడా ఊపాడు.

అవసరం లేదా! మా ఉత్తరపు పక్కన కరెంటు ఎన్నిసార్లు పోతుందో ఆయన్ని వచ్చి ఒక వారం కాపురం ఉండమనాలనిపించింది.

అప్పుడు నా పక్కన కూర్చున్న ఆ అమ్మాయి మెల్లిగా అడిగింది. "అంకుల్, చిన్న డౌటండీ. వారానికి ఒక్కసారి అయిదు నిమిషాలు ఆన్ అవుతున్నాయి. అన్నీ శుక్రవారమే. ఒక్క ఇల్లు మాత్రం ఆదివారం. ఎందుకంటారు?"

ఆదివారం అంటే కుప్పంలో, అంటే జాలర్ల పేటలో, ఉన్న ఇల్లు, వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు. మిగతావన్నీ శుక్రవారం. తుడిచి, కుంకుమ పెట్టి, నాలుగు గీతలు చూసుకుని ఆపేసే శుక్రవారం. పన్నెండు ఇళ్ళూ నా మాటే పాటించాయని అప్పుడు అర్థమైంది.

ఏడో గీత ఎక్కడుందో వెతికాను. ట్రాన్స్‌ఫార్మర్ పేలిన రోజు నాకు బాగా గుర్తుంది. ఆ రోజు దగ్గర ఏడో గీత మీద ఏమీ లేదు. అక్క పెట్టెని ఆన్ చెయ్యలేదు. మూడు గంటలు ఊపిరాడకుండా కూర్చుని, పెట్టుకున్నాలే అని నాకు అబద్ధం చెప్పింది.

ప్రొఫెసరు ఆ అమ్మాయి వైపు తిరిగాడు. ఇళ్ళవాళ్ళకి సరిగ్గా నేర్పినట్టు లేదే అన్నాడు. "చెప్పాను సర్, ప్రతి ఇంట్లోనూ చెప్పాను, కాగితం కూడా ఇచ్చాను" అంది ఆ పిల్ల. నేను నోరు తెరిచాను. తెరిచి ఏమన్నానో తెలుసా? ఆరు నెలలు ఒక్కరైనా మా వీధికి వచ్చారా అని అరిచాను. నర్సు ఎక్కడ, సర్వీసు ఎక్కడ, మీ సదస్సులు మీవేనా అని బల్ల గుద్దాను. అన్నీ నిజాలే. అసలు నిజం మాత్రం గొంతులోనే ఉండిపోయింది. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ నా వైపు కృతజ్ఞతగా చూసింది. తనని వెనకేసుకొచ్చాననుకుంది, పాపం. ఇంకో మూడు నెలలు ఇవ్వండి, నేనే ఇల్లిల్లూ తిరిగి నేర్పుతాను అని బతిమాలాను. ప్రాజెక్టు గడువు అయిపోయింది, చూద్దాం అన్నాడు ప్రొఫెసరు.

ఇంటికొచ్చేసరికి నా కోపం అంతా అక్క మీదికి తిరిగింది. మెట్లెక్కుతూనే మొదలుపెట్టాను.

"ఆ రోజు పెట్టె పెట్టుకున్నావా లేదా? నిజం చెప్పు."

అక్క చిక్కుడుకాయలు తుంచుతోంది. తల ఎత్తలేదు. "ఎవురు చెప్పినారు?"

"పెట్టే చెప్పింది!"

ఒక కాయ తుంచి గిన్నెలో వేసి అంది. "సిలిండరు ముందే అయిపోయుండె. ఇప్పుడొస్తాది, ఇప్పుడొస్తాది అని కూర్చుంటిరా. గంట అయిపోయె. గంట ఓర్చుకున్నా కదా, ఇంకొంచెం చూద్దామని అనుకుంటి. దీనికే వాడేస్తే, తుపాను వచ్చి రెండు దినాలు కరెంటు లేకుంటే అప్పుడేం చేసేది? ఒక్క గీత గూడా తగ్గనీలేదు నేను, చూడు పో."

చూశాను. నాలుగు గీతలూ పచ్చగా ఉన్నాయి. తలుపుకేసి నా తల కొట్టుకోవాలనిపించింది. "నీకు బుద్ధుందా మే, అది ఉండేది దేనికి?" అని అరిచాను. అరుస్తున్నంతసేపూ, దాన్ని ఆపేసి దాచమని చెప్పింది నేనే అన్న సంగతి నాకు తెలుసు. ఆమె చిక్కుడుకాయలు తుంచుతూనే ఉంది.

వారం రోజులు నాకు అన్నం సయించలేదు. చివరికి ప్రొఫెసరుకి ఫోను చేసి, తప్పు నాది అని జరిగిందంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. చాలా ఆసక్తికరమైన విషయం, నివేదికలో ఒక వాక్యం చేరుస్తాను అన్నాడు. మరి పెట్టెల సంగతేంటి అని అడిగాను. అవి కేటాయింపు అయిపోయాయి, నా చేతుల్లో లేదు అన్నాడు. డాక్టరుని అడిగితే ప్రొఫెసరుని అడగమన్నాడు. మొదలాళిని అడిగితే, "వేరే జిల్లాకని రెండో విడతకి ఆర్డరు వచ్చిందిరా, సంతోషపడకుండా ఏడుస్తావేంది? మీ అక్కకి ఒకటి పక్కన పెట్టేదానికి నాకు హక్కుండాదా? ప్రతి పెట్టెకీ నంబరుండాది" అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడెవరో పూజారెవరో కూడా తెలియలేదు. ఆ అమ్మాయికి కూడా ఫోను చేసి చెప్పాను. "ఆ రోజే అక్కడే చెప్పుంటే బాగుండేదండీ అంకుల్" అని పెట్టేసింది. అంతకంటే నాలుగు తిట్టినా హాయిగా ఉండేది.

పెట్టెలు తిరిగి తెచ్చే పని సర్వీసు కిందికి వస్తుందట, అంటే మాది, అంటే నాది. ఫ్యాక్టరీ వ్యానులో ఇల్లిల్లూ తిరిగాను. ప్రతి ఇంట్లోనూ పెట్టె కొత్త పెళ్ళికూతురిలా ఉంది, బొట్టూ ముసుగూ పెట్టుకుని. ఒక పెద్దాయన దాన్ని తన మంచం పక్కనే స్టూలు మీద పెట్టుకున్నాడు. "మేము బాగానే చూసుకుంటిమే అన్నా, ఏం తప్పు చేసినాము?" అని తమిళంలో అడిగాడు. ఆయాసపడుతూ వ్యాను దాకా వచ్చాడు. పైనుంచి ఆర్డరు అని చెప్పాను. కుప్పంలో ఆ ఇంటావిడ పెట్టెకి నమస్కారం పెట్టి ఇచ్చింది. నేను ఒక్క ఇంట్లోనూ నిజం చెప్పలేదు. పదకొండు ఇళ్ళూ అయ్యాక అక్క ఇంటికి పోయాను.

కవరు ఊడదీసి, తుడిచి సిద్ధంగా పెట్టింది. ముక్కులో గొట్టం, పక్కన మిషన్ గుర్రుమంటోంది. నేను పెట్టె ఎత్తలేదు, ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"అక్కా, నీకొకటి చెప్పల్ల. దీన్ని ఆపేసి పెట్టమని నేను చెప్పింది తప్పు. ఎప్పుడూ తగిలించి ఉంచినా దీనికి ఏమీ కాదు. నేను చెప్పిందానివల్లే మీరెవురూ వాడలేదు, అందుకే తీసకపోతాండారు. వాళ్ళ తప్పు లేదు. నాదే."

అక్క నన్ను చూసి, "నాకు తెలుసులేరా" అంది.

"ఎట్ట తెలుసు?"

"ఆ పాప మొదటిరోజే చెప్పింది కదా. కాగితం గూడా ఇచ్చింది, నేను చదివినా. ఆఫ్ చెయ్యబాకండి అని పెద్ద అక్షరాల్తో రాసుండాది. నువ్వు వేరేగా చెప్తివి. ఇద్దర్లో ఒకరి మాట వినల్ల కదా. నా తమ్ముడు నాకు చెడు చెప్తాడా అనుకుంటి."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆమె ఊపిరి తీసుకోవడానికి కాసేపు ఆగింది.

"మిగతా ఇండ్లలో చెప్పినావా, ఇట్ట అని?"

లేదని తలూపాను.

"చెప్పబాక. నేను చెప్తాలే. మా వాడు సరిగ్గానే చెప్పినాడు, నేనే అతి జాగ్రత్త పడి మీకు మార్చి చెప్పినా అంటా. నాకేం, నేను ముసిలిదాన్ని, తిడితే పడుంటా. నువ్వు ఈ వీధిలో బ్యాటరీ పనోడివి. ఇంగా పదేండ్లు వాళ్ళ మధ్య తిరగల్ల."

వద్దక్కా, నేనే చెప్తాను, ఇప్పుడే పోయి ఇల్లిల్లూ తిరిగి చెప్తాను అని అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. బయట వ్యాను డ్రైవరు హారన్ కొడుతున్నాడు. అక్క నా ముఖంలోకే చూస్తోంది, చిన్నప్పుడు నేను అద్దం పగలగొట్టినప్పుడు అమ్మ వచ్చేలోపు ఆ నేరం తన మీద వేసుకోబోతూ నన్ను చూసినట్టే.

నేను సరేనన్నాను.